నొక్కింది ఒక గడి, పోయింది పక్క గడి

మౌస్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో మీలో చాలామంది ఆలోచించి ఉండరు. ఇప్పుడు ప్రోగ్రాములు రాసే పిల్లలు కూడా "ఇక్కడ నొక్కితే ఇది చెయ్యి" అని ఒక్క మాట రాసి టీ తాగడానికి వెళ్ళిపోతారు. మా రోజుల్లో ఆ సుఖం లేదు. ప్రోగ్రామే మౌస్‌ని పదేపదే అడుగుతూ ఉండాలి. మీట నొక్కారా? నొక్కలేదా? బాణం ఎక్కడుంది? ఇప్పుడెక్కడుంది? చంటిపిల్లాణ్ణి ఆకలేస్తోందా అని అడిగినట్టు అడుగుతూనే ఉండాలి.

ఆ అడగడంలో నేను చేసిన ఒక పొరపాటు మూడు బస్తాల విత్తనం మిరపకాయల్ని కారం మిల్లుకి పంపించింది. ఒక పెద్దమనిషి తన తెలివిని తానే అనుమానించుకునేలా చేసింది. నా రిటైర్‌మెంట్ రోజున సభ పెట్టి చాలా మంచిమాటలు చెప్పారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు ఆ సభలో లేరు. కాబట్టి నేనే చెబుతున్నాను.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. బీఎస్సీ లెక్కలు, ఆ పైన ఆర్నెల్ల కంప్యూటర్ కోర్సు పూర్తిచేసి, గుంటూరు శివారులో ఒక కోల్డ్ స్టోరేజీలో చేరాను. రైతులు ఎండాకాలం మిర్చి బస్తాలు తెచ్చి అక్కడ చల్లటి గదుల్లో దాస్తారు. రంగు చెడకుండా, పురుగు పట్టకుండా ఉంటుంది. ధర వచ్చినప్పుడో, అవసరం పడినప్పుడో వచ్చి తీసుకుపోతారు. ఒక్కో గదిలో అంతస్తులు, ఒక్కో అంతస్తులో వరసగా గళ్ళు. ఎవరి సరుకు ఏ గడిలో ఉందో కాగితం మీద సగమే ఉండేది. మిగతా సగం గోడౌను మేస్త్రి గారి బుర్రలో ఉండేది.

మేస్త్రి గారికి అరవై దాటాయి. తెల్ల చొక్కా, తెల్ల పంచె, జేబులో కళ్ళజోడు. ఆదివారం చర్చిలో సంఘ పెద్ద. వారం రోజులూ మాకు పెద్ద. రైతు వచ్చి రసీదు చూపిస్తే ఆయన ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, "రెండో గది, పై అంతస్తు, తలుపు నుంచి ఎడమ చేతికి, దూలం కింద" అనేవాడు. ముఠా కూలీలు వెళ్తే బస్తాలు దూలం కిందే ఉండేవి. అయినా బస్తా గుమ్మం దాటే ముందు ఆయన దాని మీద రైతు వేసుకున్న రంగు గుర్తు చూసి గానీ వదిలేవాడు కాదు.

ఈయన తర్వాత ఎలా అన్న బెంగ మా యజమాని గారికి ఉండేది. అందుకే హైదరాబాదు నుంచి కంప్యూటర్ తెప్పించాడు. దాంతోపాటు, అప్పటికి మా చుట్టుపక్కల ఎవరూ చూడని మౌస్ కూడా వచ్చింది. దాని పేరు తెలుగులో చెప్పాక మేస్త్రి గారు చాలాసేపు దాన్నే చూశాడు.

"ముప్పై ఏళ్ళుగా గోడౌన్లలో ఎలకల్ని తరుముతున్నానమ్మాయ్. డబ్బిచ్చి తెచ్చుకోడం ఇదే చూట్టం," అన్నాడు.

ఆయన కోసం నేనొక ఫారం తయారుచేశాను. కీబోర్డు మీద రసీదు నంబరు కొడితే పైన రైతు పేరు వస్తుంది. కింద గది పటం, అందులో గళ్ళు. ఆ ఏడు సరుకంతా కంప్యూటర్ రాకముందే లోపలికి పోయింది కనక ఏది ఎక్కడుందో దానికి తెలియదు. మేస్త్రి గారు చూపించాలి. ఆయన మౌస్ జరిపి, బాణాన్ని సరైన గడి మీద పెట్టి నొక్కితే, కుయ్యిమని మోగి ఆ గడి తెల్లబడుతుంది, దాని నంబరుతో చీటీ అచ్చవుతుంది. చీటీ పట్టుకుని కూలీలు లోపలికి పోతారు. కీబోర్డు మీద నంబర్లు కొట్టడం ఆయనకి ప్రాణసంకటం గానీ మౌస్ మాత్రం రెండు రోజుల్లో పట్టుబడింది. పటంలో ఆయన చూసేది నా నంబర్లు కాదు, దూలాలూ తలుపులూ.

నేను పొంగిపోయాను. పొంగిపోయి ఒక సలహా ఇచ్చాను. "చీటీ ఉంది కదండీ, ఇంక గుర్తులు చూడటం దేనికి? టైము దండగ," అన్నాను. యజమాని గారు సరేనన్నాడు. ఈ మాట గుర్తొస్తే నాకిప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

జూన్ నెలాఖరులో మొదటి తేడా వచ్చింది. ఒక రైతుకి పక్క గడిలోని బస్తాలు వచ్చాయి. ఆయన గుమ్మంలోనే గుర్తుపట్టి గొడవ చేశాడు. వారానికి ఇంకోటి. మళ్ళీ పక్క గడే.

నేను ప్రోగ్రాం మొదటి నుంచి చివరి దాకా చదివాను. తప్పు కనబడలేదు. మౌస్ పొట్ట విప్పి చూస్తే లోపలి బంతికి ఎర్రగా కారం దుమ్ము పట్టి ఉంది. దొరికింది దొంగ అనుకుని శుభ్రంగా తుడిచాను. మూడో రోజున మళ్ళీ తేడా. అప్పుడు మేస్త్రి గారిని కూర్చోబెట్టి, నేను వెనక నిలబడి, ఇరవై గళ్ళు నొక్కించాను. ఇరవైకి ఇరవై సరిగ్గా వచ్చాయి. నేనే కూర్చుని యాభై నొక్కాను. యాభైకి యాభై.

"ప్రోగ్రాం ఎప్పుడూ ఒకటే చెబుతుందండి," అన్నాను యజమాని గారితో. "మర్చిపోయేది మనుషులే."

గది తలుపు తీసే ఉంది. మేస్త్రి గారు వరండాలో ఉన్నాడు. విన్నాడని నాకు తెలుసు.

యజమాని గారు మొహమాటపడుతూనే చెప్పాడు. వచ్చే నెల నుంచి బల్ల దగ్గరికి కొత్త గుమాస్తా వస్తాడని, మేస్త్రి గారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని వచ్చేపోయే బండ్లు చూసుకుంటే చాలని. ఆయన "అట్నే కానివ్వండి" అన్నాడు, అంతే. మర్నాడు మాత్రం టిఫిన్ డబ్బా మూత తీస్తూ నన్నడిగాడు.

"అమ్మాయ్, మా నాయనకి ఆఖర్లో మతిమరుపు వచ్చింది. మమ్మల్నే గుర్తుపట్టలేదు. నాకూ అదే మొదలైందంటావా?"

"లేదండీ," అన్నాను. ఆ మాటలో బలం లేదని ఆయనకీ తెలిసింది. ముందు రోజు అన్న మాటకీ ఈ మాటకీ పొంతన లేదు మరి.

జూలైలో తొలి వానలు పడ్డాక ఒక ఉదయం సత్తెనపల్లి అవతలి ఊరి నుంచి ఒకావిడ వచ్చింది. నలభై ఐదేళ్ళుంటాయి. కౌలుకి తీసుకుని మిరప వేస్తుంది. పంటలో మేలైన కాయలు ఏరి, మూడు బస్తాలు మా దగ్గర విత్తనానికని పెట్టింది. అంతకు ముందేడు ఇంట్లో దాస్తే పురుగు తినేసిందట. ఆవిడ పోసే నారు మీద ఆ ఊళ్ళో పదిళ్ళవాళ్ళు ఆధారపడ్డారు.

మేస్త్రి గారు రసీదు చూసి, కళ్ళు మూసి తెరిచి, పటంలో ఒక గడి నొక్కాడు. చీటీ వచ్చింది. కూలీలు లోపలికి వెళ్ళి వట్టి చేతుల్తో తిరిగొచ్చారు.

"ఆ గళ్ళో ఏం లేదండీ. ఊడ్చినట్టుంది."

"మూడు బస్తాలుండాలి రా. సరిగ్గా చూడండి."

"మీరే రండి, చూద్దురు."

ఆయన శాలువా కప్పుకుని లోపలికి వెళ్ళాడు. వచ్చేసరికి ముఖం పాలిపోయి ఉంది. నేను పొద్దుటి చీటీల కట్ట తీసి ఒక్కొక్కటే చూశాను. ఎనిమిదింటికి ఒక కారం మిల్లు వాళ్ళ లారీ వచ్చి, వాళ్ళు కొన్న చిన్న చిన్న లాట్లు ఎత్తుకుపోయింది. అందులో ఒక మూడు బస్తాల లాటు చీటీ మీద ఈవిడ గడి నంబరుంది. వాళ్ళకి వెళ్ళాల్సిన మూడు బస్తాలు ఎడమ పక్క గడిలో భద్రంగా ఉన్నాయి.

"అంటే నా ఇత్తనం కాయలు కారం మిల్లుకి పోయినయ్యా?" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. గట్టిగా అంటే బాగుండేదనిపించింది.

యజమాని గారు ఊళ్ళో లేడు, సాయంత్రం గానీ రాడు. నేను ఫోను తిప్పడం మొదలుపెట్టాను. మిల్లు ఫోను పలకడం లేదు. మేస్త్రి గారు నా చేతిలోంచి ఫోను తీసి పెట్టేశాడు.

"ఇక్కడ నిలబడి మాట్లాడుకుంటే అక్కడ కారం అయిపోద్ది. పదండి."

ముగ్గురం ఆటో ఎక్కాం. ఆయన డ్రైవరు పక్కన సగం సీటు మీద, మేమిద్దరం వెనక. మిర్చి బళ్ళు అడ్డం వచ్చినప్పుడల్లా ఆయన బయటికి వంగి, చర్చిలో ఎన్నడూ వాడి ఉండని మాటలతో దారి చేయించాడు. ఆవిడ నా పక్కన రసీదు మడత పెడుతూ విప్పుతూ కూర్చుంది. ఏదైనా చెప్పాలని నేను "ప్రోగ్రాంలో…" అని మొదలుపెట్టి ఆపేశాను. ఆ ఆటోలో ఆ మాటతో పని ఉన్నవాళ్ళు ఎవరూ లేరు.

మిల్లు పెరట్లో పాతిక మంది ఆడవాళ్ళు ముఖాలకి గుడ్డలు కట్టుకుని కాయల తొడిమలు తీస్తున్నారు. మా అదృష్టం కొద్దీ తొడిమలు తీయందే కాయలు మరలోకి పోవు. గోడవారన పేర్చిన బస్తాల్లో రెండింటి మీద ఆవిడ పసుపుపచ్చ గుర్తు కనబడింది. మూడోది అప్పుడే విప్పి రాశిలో కుమ్మరించేశారు. ఖాళీ గోనె పక్కనే పడుంది.

మిల్లు గుమాస్తా ముందు ఒప్పుకోలేదు. "కాటా అయిపోయిందండీ. మాకు రావాల్సింది మూడు బస్తాలు, వచ్చినయ్యి మూడు బస్తాలు."

"ఆ మూడూ మా దగ్గరున్నయ్యి. సాయంత్రంలోపు నేనే తెచ్చి దింపిస్తా. ఇయ్యి ఈ తల్లి ఇత్తనాలు," అన్నాడు మేస్త్రి గారు.

"మీ మాట సరే, రాసివ్వాలిగా?"

"రాసిస్తా. ఏం రాయాల? తప్పు నాదని రాస్తా. తే కాయితం."

ఆయన కాగితం మీద రాసి సంతకం పెడుతుంటే నేను పక్కనే నిలబడి చూశాను. అలా రాయాల్సింది ఆయన కాదేమోనన్న అనుమానం కూడా అప్పటికి నాకు లేదు. జాలి మాత్రం పడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది.

ఈలోగా ఆవిడ రాశి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని కాయలు ఏరుతోంది. అంత రాశిలో తన కాయ ఎలా తెలుస్తుందని అడిగాను.

"మా కాయకి భుజాలుంటయ్యమ్మా. ఇదుగో, మెడ కింద చూడు. ఈటికి లేవు. నీ పిల్లల్ని బళ్ళో నువ్వు గుర్తుపట్టవా?"

అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. అయినా కూర్చుని ఏరాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు కాసేపు చూసి, "పట్టండే, పాపం" అని తలో చెయ్యీ వేశారు. నేను ఏరిన వాటిలో సగం ఆవిడ తిప్పి రాశిలోకి విసిరేస్తుంటే వాళ్ళకి భలే నవ్వులాట అయింది. మాటల్లో పడి చేత్తో కన్ను నలుపుకున్నాను. ఆ తర్వాత పావుగంట సంగతి నాకు తెలియదు. ఎవరో ముఖం మీద నీళ్ళు కొట్టారు, ఎవరో కొంగుతో తుడిచారు, ఇంకెవరో "కంప్యూటరమ్మకి కారం తెలిసొచ్చింది" అన్నారు. కళ్ళు తెరిచేసరికి మూడో గోనె ముప్పావు వంతు నిండి ఉంది.

"చాలు. పదిళ్ళకీ వస్తది," అంది ఆవిడ లేస్తూ.

మధ్యాహ్నం రెండింటికి ఒక బండి మాట్లాడుకుని బస్తాలతో సహా తిరిగొచ్చాం. మిల్లువాళ్ళ మూడు బస్తాల్నీ మేస్త్రి గారు గుర్తులు చూసి మరీ అదే బండిలో పంపేశాడు. ఆవిడ బస్సు నాలుగున్నరకి. అప్పటికే కిటికీ దగ్గర రైతులు క్యూ కట్టి ఉన్నారు. మేస్త్రి గారు చేతులు కడుక్కుని పనిలో కూర్చున్నాడు. నేను మంటలు పుడుతున్న చేతుల్ని మజ్జిగ గిన్నెలో ముంచుకుని ఓ మూల కూర్చున్నాను.

"నా కాయల్ని మిల్లుకి తోలిన మిషను ఇదేనా? చూడొచ్చా?" అని ఆవిడ అడిగింది. మేస్త్రి గారి పక్కన స్టూలు వేశాను.

ఆవిడ ఓ అరగంట కదలకుండా చూసింది. మేస్త్రి గారు ఎదురుగా తెర చూస్తూ గడి నొక్కుతున్నాడు. రైతుల కిటికీ ఆయన కుడివైపు ఉంది. నొక్కగానే అటు తిరిగి తర్వాతి రైతు రసీదు అందుకుంటున్నాడు. చీటీ అచ్చవుతోంది. కూలీ చించుకుపోతున్నాడు. రోజూ జరిగేదే.

"అమ్మాయ్," అంది ఆవిడ. "ఆయన నొక్కింది ఈ గడి. మిషను పట్టుకుంది పక్క గడి."

"ఎలా చెప్పగలవమ్మా?"

"కళ్ళున్నయ్యిగా. ఆయన నొక్కాడు. నొక్కి, రసీదు కోసం చెయ్యి అటు తీశాడు. చెయ్యితోపాటు ఆ డబ్బా కూడా కాస్త జరిగింది. బాణం పక్క గళ్ళోకి పోయింది. అప్పుడు కుయ్యిమని చప్పుడొచ్చి ఆ గడి తెల్లబడింది. అన్నిసార్లూ కాదు. తొందరగా చెయ్యి తీసినప్పుడే."

మజ్జిగ గిన్నె వదిలేసి లేచాను. చీటీ తీసుకుని బయల్దేరిన కూలీని కేకేసి ఆపాను. మేస్త్రి గారిని ఆ రైతు సరుకు ఎక్కడుందని అడిగాను. ఆయన తెర వైపు చూడకుండానే చోటు చెప్పాడు. చీటీలో ఉన్నది దాని కుడి పక్క గడి.

సంగతి వెంటనే అర్థమైంది. నా ప్రోగ్రాం మీట నొక్కారా అని అడుగుతుంది. నొక్కారని తెలియగానే ఆ గదిలోని గళ్ళ నంబర్ల జాబితా కోసం డిస్కు దగ్గరికి పోతుంది. ఆ మిషనుకి అది ఒక సెకను పని. తీరిగ్గా జాబితా తెచ్చుకుని, అప్పుడు బాణం ఎక్కడుందని అడుగుతుంది. నొక్కినప్పుడు ఎక్కడుందో కాదు, ఇప్పుడు ఎక్కడుందో. ఆ ఒక్క సెకనులో మేస్త్రి గారి చెయ్యి కిటికీ దాకా పోతోంది. నేను వెనక నిలబడి పరీక్ష పెట్టినప్పుడు కిటికీ దగ్గర రైతులు లేరు. పైగా వెనక నేను కాపలా. ఆయన బుద్ధిగా చెయ్యి కదపకుండా కూర్చున్నాడు. ఇరవైకి ఇరవై రాక ఏమవుతాయి?

మౌస్‌తో వచ్చిన పుస్తకం తీశాను. ఆఖరిసారి మీట నొక్కినప్పుడు బాణం ఎక్కడుందో మౌస్ గుర్తుపెట్టుకుంటుందట. ఆ చోటు అడగడానికి వేరే పద్ధతి ఉంది. నేను చదివి ఆపేసిన పేజీకి తర్వాతి పేజీలో ఉంది. మార్చడానికి పది నిమిషాలు పట్టింది.

"మేస్త్రి గారూ, ఒక గడి నొక్కండి. నొక్కి, మౌస్‌ని ఎటు కావాలంటే అటు లాగెయ్యండి," అన్నాను.

ఆయన నొక్కి, దాన్ని బల్ల చివరి దాకా తోసేశాడు. బాణం తెర అంచుకి పోయి ఆగింది. కుయ్యిమని నొక్కిన గడే తెల్లబడింది. మళ్ళీ నొక్కాడు, ఈసారి ఎడమకి ఈడ్చాడు. సరైన గడే. అలా ఏడెనిమిది సార్లు చేశాక ఆయన చెయ్యి తీసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుడుచుకున్నది కళ్ళజోడే అని నేను అనుకోదలచుకున్నాను.

"అయితే నాకు మతి బానే ఉందన్నమాట," అన్నాడు.

"మీకేమీ కాలేదండీ. తప్పు నాది. మొదట్నుంచీ నాదే."

నాలుగింటికి యజమాని గారు వచ్చాడు. ఆయన కుర్చీలో కూర్చోక ముందే, రైతులూ కూలీలూ వింటుండగానే, జరిగిందంతా చెప్పాను. గుర్తులు చూడటం మాన్పించిన సలహా కూడా నాదేనని గుర్తుచేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను.

"మిల్లువాడికి రాసిచ్చిన కాయితం రేపు వెనక్కి తీసుకురా. నీ పేరుతో ఇంకోటి రాసిచ్చి తీసుకురా," అన్నాడు నాతో. మేస్త్రి గారి వైపు తిరిగి, "గేటు సంగతి మర్చిపోండి. రేపట్నుంచి గుర్తు చూడందే బస్తా గుమ్మం దాటకూడదు," అన్నాడు.

"నేను ఈ రోజునించే చూస్తన్నానండీ," అన్నాడు మేస్త్రి గారు.

నాలుగున్నర బస్సు మీదికి ఆవిడ బస్తాలు ఎక్కించాం. కిటికీలోంచి ఆవిడ నా చేతులు చూపించమంది. ఎర్రగా వాచి ఉన్నాయి. "రేపటికి తగ్గుద్దిలే. ఆముదం రాయి," అంది. కోపం ఉందో లేదో తెలియలేదు. బస్సు కదులుతుంటే మేస్త్రి గారితో ఏదో అని నవ్వింది. ఏమందని అడిగితే ఆయన చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మిల్లుకి వెళ్ళి కాగితం మార్చి తెచ్చాను. ఆఫీసులోకి అడుగుపెట్టేసరికి మేస్త్రి గారు తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి ఉంచాడు.

"ఎవరైనా వస్తున్నారాండీ?" అన్నాను.

"నువ్వే. నిన్నటిదాకా నా వెనక నిలబడి చూశావు. నిలబడితే నాకు పరీక్షలాగా ఉంటది, సరిగ్గా చేస్తా. పక్కన కూర్చో. నే మామూలుగా ఎట్టా చేస్తానో అప్పుడు తెలుస్తది."

కూర్చున్నాను. ఆయన నన్ను పట్టించుకోకుండా రైతుల్తో మాట్లాడుతూ, తుమ్ముతూ, రసీదులు అందుకుంటూ, మధ్యమధ్య మీట రెండుసార్లు నొక్కుతూ తన పని తాను చేసుకుపోయాడు. భోజనాల వేళకి ప్రోగ్రాంలో ఇంకో మూడు తప్పులు దొరికాయి. మూడూ నావే.